7.6

బెంగళూరు బస్సు దిగి, కల్యాణదుర్గంలో టీ కూడా తాగకుండా ఆటో ఎక్కాడతను. శెనక్కాయ చేను ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేయడంతో సెంట్రింగ్ పనికి వలసపోయి మూడు నెలలైంది. ఇంటి దగ్గర భార్యకు ఆరో నెల, రెండో కాన్పు.

(ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఆ చుట్టుపక్కల పల్లెల బతుకుల్ని ఒక జంటగా కలిపి చెబుతున్నది. అందుకే పేర్లు లేవు.)

నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో ఎదురొచ్చిందామె. పెదాలు పాలిపోయాయి. గోడ పట్టుకుని రొప్పుతోంది.

"ఏమ్మే, ఒంట్లో బాగలేదా?"

"ఏం ల్యా మామా, ఆయాసం."

గూట్లో కార్డు తీశాడు. రక్తం 7.6 అని రాసి, కింద ఎర్రగీత గీశారు. పక్కనే ఐరన్ మాత్రల అట్టలు, ఒక్కటీ చింపలేదు.

"మింగితే బిడ్డ నల్లగా పుడతాదంట" అంది అతని తల్లి. "నలుగుర్ని కంటిని, ఒక్క మాత్రన్నా మింగితినా?"

"నువ్వెప్పుడు తింటావ్?" అన్నాడు భార్యతో. ఇన్నాళ్లూ ఫోన్లో అడిగింది "డబ్బులు చేరినాయా" అనే.

"అందరూ తిన్నంక."

మర్నాడు పొద్దున్నే తనే టీ కాచి, మాత్రతోపాటు అందించాడు. తర్వాత ఆస్పత్రికి వెంట వెళ్లాడు. వేపచెట్టు కింద బీడీలు కాలుస్తున్న మగవాళ్లు "ఆడోళ్ల సంగతి, నీకేల?" అన్నారు. అతను లోపలికే నడిచాడు.

గర్భిణికి రక్తం (హిమోగ్లోబిన్) 11 గ్రాములైనా ఉండాలని, ఇంత తక్కువుంటే కాన్పులో కాస్త రక్తం పోయినా తట్టుకోలేదని నర్సమ్మ చెప్పింది. "మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. నిమ్మకాయ నీళ్లతో ఇయ్యి." అతను తలొంచుకున్నాడు.

ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ బత్తలపల్లి, కల్యాణదుర్గం, కణేకల్లులలో ఆస్పత్రులు పెట్టి వైద్యాన్ని పల్లెలకు దగ్గర చేసింది. కానీ గూట్లోని మాత్ర నోటిదాకా రావాలంటే ఇంట్లోవాళ్లే పూనుకోవాలి. కాన్పు గండం ఇక్కడిదే కాదు. అమెరికాలోనూ నల్లజాతి తల్లులు గర్భం, కాన్పు సమస్యలతో తెల్లజాతి తల్లుల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చనిపోతున్నారు. అక్కడ 2016లో కాన్పు తర్వాత భార్య కిరాను పోగొట్టుకున్న చార్లెస్ జాన్సన్, ఇంకో ఇంట్లో అలా జరక్కూడదని సంస్థ పెట్టి, చట్టసభ సభ్యుల ముందు గొంతు విప్పాడు.

ఇతని పోరాటం ఇంట్లోనే. బెంగళూరు కూలి వదులుకున్నాడు. బిందెలు తన భుజానికెత్తుకున్నాడు. ఊరు నవ్వింది. రాగిసంగటి, ఆకుకూర పప్పు ముందు ఆమె పళ్లెంలో పడేదాకా తను కూర్చోలేదు. అంగన్‌వాడీ గుడ్డు పెద్దబిడ్డకు పోకుండా కాపలా కాశాడు. ఎనిమిదో నెలకు కార్డులో 9.8 ఎక్కింది.

తొమ్మిదో నెలలో రక్తమివ్వడానికి బయల్దేరితే తల్లి అడ్డుపడింది. "రక్తమిస్తే మళ్లీ పని చేయగలవా రా?"

"పోయిన రక్తం నాకు మళ్లీ ఊరతాదమ్మా. ఆమెకు కాన్పు పొద్దు ఊరేదాకా టైముండదు."

కాన్పు ఆస్పత్రిలోనే అయింది. తల్లీబిడ్డా క్షేమం. మనవణ్ణి ఒళ్లోకి తీసుకుని ముసలామె మొహం చిట్లించింది.

"చూడు, నల్లగా పుట్టినాడు. నేను చెప్పలా, మాత్రలని?"

ఎండకు మాడిన తన చేతిని బిడ్డ చేతి పక్కన పెట్టాడతను.

"నా కొడుకు కదమ్మా. ఇంకెట్ల పుడతాడు?"