శిల్పం చూపేది, శిలాక్షరం చెప్పేది

కళ సంఘానికి అద్దమన్న మాట మన విమర్శలో చాలాకాలంగా చెలామణి అవుతున్నది. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో పరీక్షింపదలచినవారు చెన్నపట్నంలో ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లి, అమరావతి శిల్పాల నడుమ ఒక పూట గడపవలె.

అక్కడ నాళగిరి కథను చెక్కిన వృత్తఫలకం ఒకటి ఉన్నది. క్రీస్తుశకం రెండవ శతాబ్దపు పని. ఒకవైపు మదించిన ఏనుగు వీథిలో జనాన్ని తొక్కుతూ వస్తున్నది. మరొకవైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల చెంత మోకరిల్లినది. మేడల గవాక్షాలనుండి జనం తొంగిచూస్తున్నారు. భయంతో పక్కవానిని పట్టుకొన్న స్త్రీ కూడ ఉన్నది. ఇళ్ల కట్టడం, ఆభరణాలు, తలకట్టు, నిలుచునే తీరు అన్నీ ఇందులో దొరుకుతాయి. సాతవాహన కాలపు జనజీవితాన్ని చరిత్రకారులు ఇటువంటి ఫలకాలనుండి ఏరుకొన్నారు. ఇంతవరకు అద్దమన్న మాట సత్యమే.

అయితే ఈ రాళ్లకు సొమ్మిచ్చినవారెవరు? బొమ్మలను అడిగితే రాజులను, రాణులను, పరివారాన్ని చూపుతాయి. రాళ్లమీది ప్రాకృతాక్షరాలను అడిగితే సమాధానం వేరు. విధికుడనే చర్మకారుడు, నాగ ఉపాధ్యాయుని కొడుకు, తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కూడి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చినట్లు ఒక శాసనం చెబుతున్నది. మరొకచోట సుగంధద్రవ్యాల వర్తకుడు కనబడతాడు. గృహపతులు, భిక్షుణులు, సామాన్య స్త్రీలు దాతలుగా కనబడతారు.

విధికుడు తన తోలుపనిని చెక్కించుకొనలేదు, పూర్ణఘటాన్ని చెక్కించినాడు. అద్దం ఎదుట నిలిచినవానిని చూపుతుంది. ఈ శిల్పమో, నిలిచినవాడు ఎటు చూస్తున్నాడో చూపుతున్నది. సంఘం దేనిని పూజ్యమనుకొన్నదో బొమ్మలో ఉన్నది. ఆ సంఘంలో ఎవరెవరున్నారో అక్షరంలో ఉన్నది. రెండింటినీ కలిపి చదివినప్పుడే చరిత్ర.

ఆ చూపైనా ఒకచోట నిలువదు. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో రెండువైపుల చెక్కిన అమరావతి పలక ఒకటి ఉన్నది. పాతవైపు బుద్ధుని రూపం లేదు. జనం చెట్టును, శూన్యాసనాన్ని కొలుస్తున్నారు. శతాబ్దాల అనంతరం ఆ పలకనే తిప్పి, రెండవవైపు స్తూపాన్నీ, దాని వాకిట బుద్ధుని రూపాన్నీ చెక్కినారు. కొత్త విశ్వాసం పాతదాని వీపుమీదనే వెలసినదన్నమాట.

ఇక ఈ రాళ్లు మ్యూజియాలకు చేరిన కథ కూడ సంఘచరిత్రయే. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో పట్టణం కట్టించిన కాలాన దిబ్బను తవ్వి ఇటుకలు, రాళ్లు కట్టడాలకు వాడుకొన్నారు. 1816లో కాలిన్ మెకంజీ పరివారంతో వచ్చి బొమ్మలు గీయించినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి, దొరికిన పలకలను మద్రాసుకు పంపినాడు. వానిలో పెక్కు 1859లో లండనుకు ఓడ ఎక్కినవి. మెకంజీ గీయించిన చిత్రాలలో మాత్రమే మిగిలిన శిల్పాలు కూడ ఉన్నవి. ఒక కాలం దానమిచ్చినదానిని మరొక కాలం గోడలకు వాడుకొన్నది; వేరొకటి తన రాజధానికి తరలించుకొన్నది.

రచయితలకు ఇందులో పనికివచ్చే విషయమున్నది. మన కావ్యావతారికలలో కృతిపతి వంశవర్ణన విరివిగా దొరుకుతుంది. విధికుని వంటివాడు దొరకడం అరుదు. తోలుపనివారిని ఊరి వెలుపల నిలిపిన తరువాతి కాలపు సాహిత్యాన్ని మాత్రమే నమ్మినవాడు, ఈ నేలమీద అనాదిగా అంతేననుకొంటాడు. కాదని చెప్పడానికి ఒక రాతిపలక ఉన్నది. వర్ణనలో లేనివాడు లోకంలో లేడని తీర్పు చెప్పేముందు, విమర్శకుడు పలక అంచున ఉన్న అక్షరాలను కూడ చదువవలె.