ముత్యాల దీవిలో క్రిస్మస్ దీపము

క్రిస్మస్ పండుగకు ముందటి రాత్రి ఎస్టేటు లైను ఇండ్లయందు గోడలకు సున్నము వేసి, గుమ్మములకు ఆకుతోరణములు కట్టి, పిల్లలు నక్షత్రపు దీపములు వెలిగింతురు. ఆ రాత్రియే అరబ్బీ దేశమునకు తూర్పుననున్న బహ్రెయిన్ అను చిన్న దీవిలో తెలుగు కష్టజీవులును పని ముగించుకొని దేవుని మందిరమునకు నడచుదురు. ఆ దీవిలో మందిరమెట్లు నిలిచెనో, దానికై ఎవరు ఏమి వెల చెల్లించిరో తెలిసికొనుట కృతజ్ఞత గల హృదయములకు మేలు.

బహ్రెయిన్ అనగా అరబ్బీ భాషలో రెండు సముద్రములని అర్థము. చుట్టును ఉప్పునీరే, అయినను పూర్వము సముద్రపు అడుగున మంచినీటి ఊటలు ఉండెడివి. పూర్వము ఓడవారు తోలుతిత్తులతో మునిగి ఆ తీయని నీటిని పట్టి తెచ్చుకొనెడివారు. సృష్టికర్త యేర్పాటు ఎంత ఆశ్చర్యకరము!

క్రీస్తు నామము ఆ దీవికి క్రొత్తది కాదు. ముహర్రఖ్ దీవిలోని సమాహీజ్ గ్రామమున పాడుపడిన మసీదు దిబ్బ క్రింద త్రవ్వి చూడగా ఎనిమిది గదుల పురాతన కట్టడమొకటి బయలుపడెను. అది నాలుగవ శతాబ్దపు మధ్యభాగము మొదలు ఎనిమిదవ శతాబ్దపు మధ్యభాగము వరకు క్రైస్తవుల నివాసమని పండితులు 2024లో ప్రకటించిరి. గచ్చుతో చేసిన మూడు సిలువలు, వంటగది, భోజనశాల, రాగి సూదులు, నూలు వడకు కదురుల బిళ్లలు అందు దొరకెను. వండుకొని, వడకి, కుట్టుకొని, ప్రార్థించినవారి గుర్తులవి. పిమ్మట అనేక శతాబ్దములు ఆ చోటు మట్టిక్రింద మరుగుపడియుండెను.

నూనె దొరకక పూర్వము దీవివారికి ముత్యములే జీవనాధారము. వేసవి మాసములలో మునుగువారు కాలికి బరువురాయి తగిలించుకొని, ముక్కు బిగించుకొని, ఊపిరి బిగబట్టి సముద్రగర్భమున ముత్యపుచిప్పలు ఏరుచుండిరి. ముత్యములు బొంబాయి వర్తకుల చేతికి పోయెను. మునిగినవానికి తరచుగా మిగిలినది అప్పు. ఓడ నాయకుడగు నాఖుదా ముందుగా బయానా ఇచ్చును; లెక్కయు అతని చేతిలోనే యుండును; తీరని బాకీ తండ్రి మరణించిన పిమ్మట కొడుకుపై పడును. కంగాణి బయానా సంగతి తాతలవలన విన్న కుటుంబములకు ఈ బాధ వేరుగ చెప్పనక్కరలేదు. 1920వ దశకములో షేక్ హమద్ కాలమున, ప్రతి మునుగువానికి సొంత లెక్కపుస్తకము ఉండవలెనను కట్టడ కలిగెను.

అట్టి దీవికి 1892 డిసెంబరు మాసమున, క్రిస్మస్ సమీపించుచుండగా, సామ్యూల్ జ్వేమర్ గారు ఒంటరిగా వచ్చిరి. అప్పుడాయనకు ఇరువదియైదేండ్లు. ఆయనయు జేమ్స్ కాంటైన్ గారును 1889లో అమెరికాలో అరేబియా మిషనును ఆరంభించినవారు. 1894లో ఆ మిషనును అమెరికా రిఫార్మ్‌డ్ సంఘము తనదిగా స్వీకరించెను. తెలుగువారికి ఆ సంఘము క్రొత్తది కాదు. మదనపల్లెలో వైద్యము చేసి, తెలుగు బైబిలు సవరణకై శ్రమించిన జేకబ్ చేంబర్లేన్ గారిని పంపినదియు ఆ సంఘమే. మదనపల్లెకు ఒకరిని, మనామా పట్టణమునకు ఒకరిని పంపిన చేయి ఒక్కటే.

జ్వేమర్ గారి భార్య ఏమీ దొరసానిగారు బాలికలకు చదువు చెప్పిరి. 1903లో మేసన్ స్మారక వైద్యశాల తెరువబడెను. మరుసటి సంవత్సరము జూలై మాసపు ఎండలలో ఆ దంపతుల యింట గొప్ప దుఃఖము కలిగెను. ఏడేండ్ల కాథరీనా, నాలుగేండ్ల రూతు, కొద్ది దినముల వ్యవధిలోనే ఒకరి వెనుక ఒకరు వ్యాధిచే మరణించిరి. ఇతరుల బిడ్డలకు వైద్యశాల నిలిచిన ఊరిలోనే తమ బిడ్డలు దక్కకపోయిరి. అయినను ఆ తలిదండ్రులు సమాధిరాతిపై ఫిర్యాదు వ్రాయించలేదు; ఐశ్వర్యమును పొందుటకు గొఱ్ఱెపిల్ల యోగ్యుడను స్తుతిని చెక్కించిరి. లైను ఇంటి ప్రక్కన చిన్న గుంట త్రవ్విన తల్లి ఈ మాట బరువును ఎరుగును. కన్నీరు లేని స్తుతి కాదది; కన్నీటితోనే చెల్లించిన స్తుతి.

1906లో మనామాలో సువార్త సంఘ మందిరము ప్రతిష్ఠింపబడెను. 1932లో భూమినుండి నూనె పుట్టెను. అనేక దేశముల పనివారు వచ్చిరి. 1939లో దీవి పాలకుడగు షేక్ హమద్ రోమను సంఘమువారికి స్థలమిచ్చెను. ఐరోపాలో యుద్ధము రగులుచున్న ఆ సంవత్సరపు క్రిస్మస్ వేళనే పవిత్ర హృదయ దేవాలయమున మొదటి ఆరాధన జరిగెను. 2021 డిసెంబరు 10వ తేదీన, రాజు దానమిచ్చిన భూమియందు, అవాలీలో మహాదేవాలయము ప్రతిష్ఠితమయ్యెను. మహమ్మదీయ పాలకులు క్రైస్తవులకు చోటిచ్చుటయు స్మరింపదగిన మేలే.

నేడు తెలుగు జిల్లాలనుండి వెళ్లిన డ్రైవర్లు, మేస్త్రీలు, ఇంటిపనివారు అక్కడ శుక్రవారమున కూడి తెలుగులో ప్రార్థింతురు. భార్యాబిడ్డలు దూరమున ఉందురు. అప్పు తీరువరకు తిరుగుప్రయాణము లేదు. అయినను పండుగరాత్రి పాట ఆగదు.

మంచి ముత్యమునకై తన కలిమినంతయు అమ్మిన వర్తకుని ఉపమానము ప్రభువు చెప్పెను. ముత్యాల దీవిలో ఆ వెల చెల్లించినవారున్నారు. ఈ రాత్రి నక్షత్రపు దీపము వెలిగించు ప్రతి కుటుంబమును, దూరదేశమున పాటుపడు సహోదరులను ఒక నిమిషము ప్రార్థనలో తలంచి, పిల్లలకు ఆ రెండు చిన్న సమాధుల కథ చెప్పి, దేవునికి స్తోత్రము చెల్లించునుగాక.