కౌలాలంపూరులో రెండు రోజులు

వచ్చే నెల ప్రయాణంలో కౌలాలంపూరులో రెండు రోజులు ఆగే వీలు చిక్కింది. ఎవరినడిగినా పెట్రోనాస్ జంట సౌధాల పేరే ముందు చెబుతున్నారు. ఆ ఊరి చరిత్ర కొంత చదివాక నేను మాత్రం నా నడకను ఏటి ఒడ్డున మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను.

మలయ్ భాషలో ఆ పేరుకు బురద సంగమం అని అర్థం చెబుతారు. క్లాంగ్, గోంబాక్ నదులు కలిసే చోటది. 1857లో రాజా అబ్దుల్లా పంపగా 87 మంది చైనా కూలీలు పడవల్లో ఏటికి ఎదురెక్కి వచ్చి ఇక్కడ దిగారు. తగరం వెతుకుతూ అంపాంగ్ అడవిలోకి నడిచారు. వారిలో అత్యధికులను మలేరియా బలితీసుకుంది. అయినా తవ్వకం ఆగలేదు. గనులకు సరుకులందించిన అంగళ్ళే క్రమంగా ఊరయ్యాయి. 1868లో చైనీయుల పెద్దగా నియమితుడైన యాప్ అహ్ లోయ్, అంతర్యుద్ధంలో కాలిపోయిన ఆ ఊరిని మళ్ళీ నిలబెట్టాడు. 1881లో మరో అగ్నిప్రమాదం, ఆ వెనుకే వరద. ఇక ఇటుకలతోనే ఇళ్ళు కట్టాలని బ్రిటిష్ రెసిడెంటు స్వెటెన్‌హామ్ పట్టుబట్టాడు. నేటి బ్రిక్‌ఫీల్డ్స్ పేటకు ఆ ఇటుకబట్టీల వల్లనే పేరు వచ్చింది.

సంగమం దగ్గర 1909 నాటి జామెక్ మసీదు ఉంది. అక్కడినుంచి కొద్దిపాటి నడకలోనే యాప్ 1864లో నెలకొల్పిన సిన్ సీ సీ యా గుడి, ఆపైన 1873లో తంబుసామి పిళ్ళై స్థాపించిన మారియమ్మన్ కోవెల వస్తాయి. చూసి మురిసిపోవచ్చు. కానీ వీరిని ఒకచోట చేర్చినది ఔదార్యం కాదు. తగరం, రబ్బరు, చవక కూలి. 1969 మే 13న జాతుల మధ్య అల్లర్లు చెలరేగినదీ ఈ నగరంలోనే.

మరి మనవాళ్ళో? ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి ఎందరో రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి మలయా వెళ్ళారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. నేటి మలేషియా తెలుగు సంఘం అదే. నేను గీసుకున్న దారిలో మాత్రం వారి గుర్తు ఒక్కటీ తగల్లేదు. తోటల్లో బతికినవారికి నగరం నడిబొడ్డున కట్టడాలెక్కడివి? వారి చరిత్ర ఉంటే గింటే ఇళ్ళలోని మాటల్లోనే ఉండాలి.

అందుకే రెండవ రోజును కట్టడాలకు కేటాయించడం లేదు. తోటల్లో పుట్టి పెరిగిన తెలుగు పెద్దలెవరైనా మీకు పరిచయముంటే దయచేసి చెప్పండి. ఒక పూట వారి దగ్గర కూర్చుని వినాలని ఉంది. పొద్దు మిగిలితే జంట సౌధాలు ఎలాగూ దూరం నుంచే కనబడతాయి.