శిరస్త్రాణానికి చిలక్కొయ్య

మనిషి ఏ కాలంలో ఏం ధరించాడన్నది చరిత్రకారులు శ్రద్ధగానే వ్రాశారు. ధరించినదాన్ని విప్పి ఎక్కడ పెట్టాడన్నది మాత్రం ఎవరికీ అంతగా పట్టినట్లు లేదు. రాజుల కిరీటాల గురించి పుటలకు పుటలున్నాయి. పడుకోబోయే ముందు ఆ కిరీటాన్ని ఏ పీట మీద పెట్టేవారో వెదికితే దొరకదు. నాకీ ధ్యాస కలగడానికి కారణం రాజరికం కాదు లెండి. చేవెళ్ళ నుండి మొయినాబాదు మీదుగా నగరానికి రోజూ మోటారు సైకిలు మీద ఉద్యోగానికి వెళ్ళివచ్చేవాణ్ణి నేను. శిరస్త్రాణం, దళసరి కోటు, చేతి తొడుగులు, వానాకాలమైతే పైన రెయిన్‌కోటు. దారి పొడుగునా ఇవన్నీ నన్ను కాపాడతాయి. ఆఫీసు గుమ్మం దగ్గర నుండి వీటిని నేను కాపాడాలి.

మా ప్రాంతపు పాత ఇళ్ళలో గోడకు చిలక్కొయ్యలుండేవి. బయటి నుండి వచ్చిన మనిషి తలరుమాలు, అంగీ దానికి తగిలించి కాళ్ళు కడుక్కునేవాడు. వానకూ చలికీ గొంగడి ఉండేది. దక్కను గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి అట్టలాగా బిరుసుగా ఉంటుంది. వాననీరు ఒక పట్టాన లోపలికి దిగదు. ఒక కొసను మడిచి కొప్పెర చేసుకుని నెత్తిన వేసుకుంటే తల, వీపు, భుజాలు అన్నీ అందులోనే. పని దగ్గరికి చేరాక దాన్ని ఎక్కడ దాచాలన్న ప్రశ్నే లేదు. పరిస్తే పక్క, కప్పుకుంటే దుప్పటి, మడిస్తే భుజం మీద బరువు. గ్లాస్గోలో చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి 1823లో హక్కులు పొందిన వానకోటుకు ఈ సుగుణం లేదు. తడిసిన రబ్బరు కోటు పక్కవాడి కుర్చీకి కూడా పనికిరాదు.

శిరస్త్రాణం చరిత్ర ఇంకా చిన్నది. 1914లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో వైద్యుడుగా ఉన్న ఎరిక్ గార్డనర్ అనే ఆయన, తలలు పగిలిన పందెగాళ్ళను చూసి చూసి, కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి టోపీ చేయించాడు. ఆ ఏడాదే ఐల్ ఆఫ్ మాన్ పందేలలో దాన్ని తప్పనిసరి చేశారు. పందెగాళ్ళకు సరే, మామూలు రోడ్డు మీద పోయేవాడికి అది అక్కరలేదనే అందరూ అనుకున్నారు.

ఆ అభిప్రాయం మారడానికి ఒక ప్రముఖుడి చావు కావలసి వచ్చింది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా లోకానికి తెలిసిన టి. ఇ. లారెన్స్ 1935 మే 13న డార్సెట్‌లోని తన ఇంటి సమీపంలో బ్రౌ సుపీరియర్ మోటారు సైకిలు మీద నుండి పడ్డాడు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి 19వ తేదీన పోయాడు. తలకు ఏమీ లేదు. చికిత్సకు పిలిపించిన వారిలో ఆస్ట్రేలియాలో పుట్టిన యువ మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఈ చావు ఆయన్ని వదలలేదు. యుద్ధం మొదలయ్యాక చీకటి దారుల్లో సైనిక వార్తాహరులు రాలిపోతుంటే లెక్కలు తీశాడు. మొదటి 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద 2279 మంది మోటారు సైకిలు నడిపేవాళ్ళు, వెనుక కూర్చున్నవాళ్ళు చనిపోయారు. శిరస్త్రాణం ఉండి తలకు దెబ్బ తగిలిన కేసులు ఆయనకు దొరికినవి ఏడే ఏడు. ఆ ఏడుగురూ బతికారు. 1941 అక్టోబరులో బ్రిటిష్ వైద్య పత్రికలో ఈ వ్యాసం వచ్చింది. నవంబరులో సైన్యం శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేసింది. ఏడు కేసులు శాస్త్రానికి చాలా తక్కువే. కానీ కెయిర్న్స్ వాటితో ఆగలేదు, యుద్ధం ముగిసేదాకా లెక్కిస్తూనే ఉన్నాడు. పౌరులకు మాత్రం ఆ నియమం రావడానికి బ్రిటన్‌లోనే 1973 దాకా పట్టింది. తలపాగా ధరించే సిక్కులకు 1976లో మినహాయింపు ఇచ్చారు.

ఇక్కడ మన ఊరు కథలోకి వస్తుంది. ఈ సంగతి మీలో ఎంతమందికి తెలుసో గాని, ‘శిరస్త్రాణం పెట్టుకోమనడం నా స్వేచ్ఛకు భంగం’ అన్న వాదం భారత సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది మన ఆంధ్రప్రదేశ్ నుండే. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమాలలో 498-ఎ అని ఒక నియమం చేర్చారు: ద్విచక్రవాహనం నడిపేవారు శిరస్త్రాణం ధరించాలి. ఒక పౌరుడు దీన్ని ప్రశ్నించాడు. దేశమంతా స్వేచ్ఛగా సంచరించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది కదా, జీవించే హక్కు 21వ అధికరణం ఇచ్చింది కదా, నా తల మీద మీ పెత్తనమేమిటి అన్నది సారాంశం. 1988లో న్యాయస్థానం దీన్ని త్రోసిపుచ్చింది. ఈ నియమం సంచారాన్ని ఆపేది కాదు, సంచరించేవాడి తలను కాపాడేది అన్నది. అదే ఏడాది వచ్చిన కొత్త మోటారు వాహనాల చట్టం 129వ సెక్షనులో ఈ మాట దేశానికంతటికీ చేరింది, సిక్కుల మినహాయింపుతో సహా.

నాకు తీర్పు సబబుగానే తోస్తుంది. అయినా ఆ పిటిషనరు మీద కాస్త జాలి కూడా ఉంది. ఆయన అడగవలసిన ప్రశ్న వేరు. పెట్టుకుంటాను సరే, దిగాక ఎక్కడ పెట్టను? దీనికి 19వ అధికరణంలో గాని 21వ అధికరణంలో గాని జవాబు లేదు.

వాహనాలు చేసినవాళ్ళకూ ఈ ప్రశ్న తట్టినట్లు లేదు. 1972 నుండి మధ్యతరగతి ఇంటి ముందు నిలబడిన బజాజ్ చేతక్‌కు ఎడమ పక్క తాళం వేసుకునే డిక్కీ ఉండేది. అందులో పానాలు, పాత గుడ్డపీలిక, అదనపు ప్లగ్గు పట్టేవి. తల పట్టేది కాదు. మన హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్‌దీ ఇంచుమించు ఇదే ధోరణి. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100 వంటి సన్నటి మోటారు సైకిళ్ళకు అసలు డిక్కీయే లేదు. 2001లో యాక్టివా వచ్చాక సీటు కింద కొంత చోటు దొరికింది. అయితే ఆ గుంటలో సగం తల కప్పే టోపీ పట్టినంత సుఖంగా గడ్డం దాకా కప్పే నిండు శిరస్త్రాణం పట్టదు. దాంతో చాలామంది ఏం చేశారు? గుంటకు సరిపోయేదే కొన్నారు. తల సైజును చూసి కాకుండా సీటు సైజును చూసి శిరస్త్రాణం కొనుక్కునే జాతి మనదేనేమో.

మోటారు సైకిలువాళ్ళకు రెండే దారులు మిగిలాయి: అద్దానికి తగిలించడం, పెట్రోలు ట్యాంకు మీద పెట్టడం. చిత్రమేమిటంటే శిరస్త్రాణానికి హాని చేసేవి సరిగ్గా ఈ రెండే. పైన కనిపించే గట్టి చిప్ప తలను కాపాడేవాటిలో సగమే. అసలు పని చేసేది దాని లోపల ఉన్న, మనం థర్మోకోలు అని పిలుచుకునే మెత్తటి పొర. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ దెబ్బ మెదడుకు చేరకుండా తను మింగుతుంది. నలిగే పొరను చిప్ప లోపల అమర్చే ఈ పద్ధతికి అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లంబార్డు 1953లో పేటెంటు పొందాడు. ఒకసారి నలిగిన పొర మళ్ళీ పూర్వస్థితికి రాదు. అద్దపు కొమ్ము మీద రోజుకు తొమ్మిది గంటలు వేలాడితే అది నొక్కుకుపోయి గుంట పడుతుంది. ట్యాంకు మూత దగ్గర ఆవిర్లు, పెట్రోలు చుక్కలు అదే పొరను కరిగిస్తాయి. పైకి చూడడానికి నిగనిగలాడుతూనే ఉంటుంది. ఐ.ఎస్.ఐ. ముద్ర లేని శిరస్త్రాణాలు అమ్మరాదని 2021 జూను నుండి కేంద్రం కట్టడి చేసింది, మంచిదే. ముద్ర ఉన్నదాన్ని అద్దానికి తగిలించి పాడుచేయరాదని చెప్పినవారు లేరు.

ఇంతకీ మా దారిలో ఇంతమంది ద్విచక్రవాహనాల మీద నగరానికి ఎందుకు పోతున్నారు? దీనికీ ఒక చరిత్ర ఉంది, అది నీళ్ళ చరిత్ర. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచాక ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. మొయినాబాదు ఈ రెండు జలాశయాల నడుమ ఉన్న నేల. ఆ చెరువుల నీరు చెడకూడదని 1996లో 111 నంబరు జీవో తెచ్చి, చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నిషేధించారు. 2022లో 69 నంబరు జీవోతో ఆ కట్టడిని సడలించేదాకా పాతికేళ్ళు ఇక్కడ పొగగొట్టం లేవలేదు. నగరం తాగునీరు దక్కింది. మా కుర్రాళ్ళకు మాత్రం పని ఊళ్ళో కాక గచ్చిబౌలిలోనో మెహదీపట్నంలోనో దొరికింది. కూరగాయలు, పూలు, పాల క్యాన్లు ఎప్పటి నుండో పోతున్న దారినే వీళ్ళూ పట్టారు. బస్సు వేళలు షిఫ్టు వేళలకు కుదరవు. వాయిదాల మీద బండి.

ఆ దారి బీజాపూర్ రోడ్డు. ఇరుపక్కల మహావృక్షాలైన మర్రిచెట్లు. వాన మొదలవగానే బండ్లన్నీ వాటి కిందకు చేరతాయి. ఊడల నడుమ నిలబడి అందరూ రెయిన్‌కోట్లు తొడుక్కుంటారు. బట్టలు మార్చుకునే గది అని మాకున్నదల్లా అదే. రోడ్డు వెడల్పు చేయాలని, చెట్లు కొట్టరాదని హరిత న్యాయస్థానంలో ఏళ్ళ తరబడి వాదాలు నడిచాయి. 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును గుద్దినప్పుడు ఆ వాదాలకు ఇంకో బరువు చేరింది. ఇనుప బస్సుకే ఆ గతి పట్టిన దారిలో అరచెయ్యంత థర్మోకోలు గురించి ఇంత రభస ఎందుకంటారా? నా తలకు నాకున్నది అదే.

దారి నియమం కూడా ఒకటి గమనించాను. చేవెళ్ళలో బయలుదేరేటప్పుడు చాలా శిరస్త్రాణాలు మోచేతికి ఉంటాయి. పోలీసు అకాడమీ పేరు మీదుగా వచ్చిన అప్పా జంక్షను సమీపించే కొద్దీ ఒక్కొక్కటే నెత్తికెక్కుతుంది. చిలుకూరు బాలాజీ గుడి ముందు వరుసల కొద్దీ బండ్ల అద్దాలకు అవి పండ్లలా వేలాడుతుంటాయి. చెప్పులు విడిచే చోటు గుడికి ఎప్పుడూ ఉంటుంది. శిరస్త్రాణం ఆగమశాస్త్రాల తరువాత పుట్టింది.

చట్టాలలో చిలక్కొయ్య అసలే లేదని నేననుకుంటున్న రోజుల్లో ఒక మిత్రుడు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చూడమన్నాడు. 43వ సెక్షను. పని వేళల్లో ధరించని బట్టలు పెట్టుకోవడానికి, తడిసినవి ఆరబెట్టుకోవడానికి తగిన చోటు కల్పించమని నియమాలు చేయవచ్చునని అందులో ఉంది. చదివి ఎంత సంతోషించానో! స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, తడిసివచ్చే శ్రామికుడి చొక్కా గురించి ఆలోచించినవారున్నారు. అయితే అది ఫ్యాక్టరీలకు. మా దగ్గర ఫ్యాక్టరీలు లేవు, నేను పనిచేసేది ఆఫీసులో. ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. అందులోనూ బట్టలు పెట్టుకునే, ఆరబెట్టుకునే చోటు మాట ఉంది. పది మంది, ఆపైన పనివారున్న సంస్థలకూ అది వర్తించేలా వ్రాశారు. శిరస్త్రాణం ‘బట్ట’ కిందికి వస్తుందా అన్నది వకీళ్ళు తేల్చాలి. మళ్ళీ ఒక పౌరుడు సర్వోన్నత న్యాయస్థానం మెట్లెక్కాలేమో.

మా ఆఫీసులో అంతదాకా ఆగలేదు. పేరెందుకు గాని, తడి కోట్లతో లిఫ్టు ఎక్కరాదని, బల్లల మీద శిరస్త్రాణాలు కనపడరాదని ఒక తాఖీదు అంటించారు. కింద వాహనాల చోట పెడితే రెండు పోయాయి. కాపలా తాత మా వైపు మనిషే. ఒకనాడు మెట్ల కింద సందు చూపించి, “గీడ మేకులు కొడ్త సార్, తగిలేసుకోండ్రి. నా కండ్ల ముందల్నే ఉంటయి” అన్నాడు. నేను చెక్కపలక ఒకటి తెచ్చి, “మేకులు వద్దు తాతా, లోపలి మెత్త నొక్కుకుపోతది, పలక వేద్దాం” అన్నాను. “పలక శిరస్త్రాణాలకు, మేకులు కోట్లకు” అని ఆయనే తీర్పు చెప్పాడు.

ఇప్పుడు పలక మీద ఎనిమిది ఉన్నాయి. కోట్లకు పదకొండు మేకులు. పన్నెండోది మొన్నటి ముసురుకు గోడ చెమ్మగిల్లి ఊడివచ్చింది. తాత దానికి సిమెంటు కలుపుతున్నాడు.