గాయకనటుడు చిత్తూరు నాగయ్య: వాఙ్మయచరిత్రయు, వెండితెరయు

వాఙ్మయచరిత్రకారుడు గ్రంథములను, శాసనములను, తాళపత్రప్రతులను ఆధారముగా గొని కవుల జీవితములను నిర్ణయించుచుండును. ఆ నిర్ణయములు తరగతిగదులయందును, పరిశోధనవ్యాసములయందును నిలుచును. కాని జనసామాన్యము మనస్సున కవులు వేరొక త్రోవను ప్రవేశింతురు. పోతన యనగనే తెలుగువాని మనోనేత్రమునకు దోచు మూర్తి యేది? వేమన యనగనే చెవికి వినవచ్చు కంఠమేది? ఇరువదవ శతాబ్ది నడిమికాలమున పెరిగినవారిలో పెక్కుమందికి ఈ ప్రశ్నకు సమాధానమొక్కటే. ఆ మూర్తియు, ఆ కంఠమును చిత్తూరు నాగయ్యవి. ఒక నటుడు పలువురు మహాకవులకు ముఖమై నిలుచుట వాఙ్మయవిద్యార్థి ఉపేక్షింపదగిన విషయము కాదు. ఆయన కళాజీవితమును క్రమముగా పరిశీలించి, అది మన వాఙ్మయస్మృతిని ఎట్లు తీర్చినదో చూపుట ఈ వ్యాసమున కుద్దేశము.

నాగయ్య ఇంటిపేరు ఉప్పలదడియము. 1904వ సంవత్సరము మార్చి 28వ తేదీన గుంటూరు మండలములోని రేపల్లెయందు జన్మించెను. పెరిగినదియు, రంగస్థలమున పేరుగాంచినదియు చిత్తూరునందు. ఆ పట్టణపు రామవిలాససభవారి నాటకములలో సారంగధరలోని చిత్రాంగి మొదలగు స్త్రీపాత్రలను ధరించి, గాత్రమాధుర్యముచే ప్రేక్షకుల నాకర్షించెను. ఊరిపేరే ఆయన పేరునకు శాశ్వతవిశేషణమైనది. నేడు చిత్తూరునందలి కళాక్షేత్రము ఆయన పేరనే వెలయుచున్నది.

ఆయన చలనచిత్రప్రవేశమును అర్థము చేసికొనుటకు ఆనాటి సాంకేతికస్థితిని కొంత ఎరుగవలయును. తెలుగున తొలి వాక్చిత్రమగు భక్తప్రహ్లాద 1932లో వెలువడెను. ఆ దినములలో నటుడు అభినయించుచు పాడుచుండగనే బొమ్మను, ధ్వనిని ఏకకాలమున గ్రహించెడివారు. వాద్యబృందము కెమెరాకు కనబడనిచోట కూర్చుండెడిది. కావున పాడలేనివాడు నాయకపాత్రకు పనికిరాకపోయెను. పాటను ముందు రికార్డుచేసి, దానికి తగినట్లు నటునిచే పెదవులు కదలింపజేయు నేపథ్యగానపద్ధతిని 1935లో కలకత్తా న్యూ థియేటర్సువారు ఆరంభించిరి. ఐనను తెలుగునాట గాయకనటులే చిరకాలము రాజ్యమేలిరి. పద్యనాటకమున తరిబీతు పొందినవారికి చిత్రసీమ సహజముగా ద్వారములు తెరచెను.

అయితే రంగస్థలగాయకుడందరును చిత్రగాయకుడు కాజాలడు. మైకు లేని నాటకశాలలో చివరివరుసవానికి వినబడునట్లు ఉచ్చశ్రుతిని పాడుట ఆవశ్యకము. రాగము నెంత సాగదీసిన నంత ‘వన్స్‌మోర్’ లభించెడిది. చిత్రమునకును, గ్రామఫోను పలకకును నియమములు వేరు. పలకకు ఒక ప్రక్కన పట్టునది సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే. మైకు ఉచ్చ్వాసనిశ్శ్వాసములను గూడ పట్టును. ఈ భేదమును తొలుత గ్రహించినవారిలో నాగయ్య ఒకడు. ఆయన పద్యమున రాగము అర్థమునకు లోబడియుండును. మాటనుండి పాటలోనికి, పాటనుండి మాటలోనికి ఆయన జారుట వినువానికి తెలియదు. ఇది స్వరసంపదకన్న మించిన గుణము. పద్యమును తనలో తాను చెప్పుకొనునట్లు పాడుట మైకు వచ్చిన పిమ్మటనే సాధ్యమైనది. ఆ సాధ్యతను కళగా మలచినవాడు నాగయ్య.

హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున 1938లో రోహిణీ సంస్థవారు నిర్మించిన గృహలక్ష్మి ఆయన తొలిచిత్రము. అందు ఆయన సంఘసంస్కర్తగా కల్లు మానుడని ప్రబోధించుచు పాడిన పాట నాడు మిక్కిలి ప్రచారము పొందెను. 1937లో చెన్నరాజధానియందు సేలము జిల్లాలో ఆరంభమైన మద్యనిషేధము మరుసటియేట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించెను. ఈ సంగతి స్మరించినచో ఆ పాట కేవలము వినోదము గాక సమకాలిక రాజకీయప్రచారముగా గూడ వినబడినదని తెలియగలదు. పిదప బి. ఎన్. రెడ్డి స్థాపించిన వాహినీ సంస్థవారి వందేమాతరము (1939), సుమంగళి (1940), దేవత (1941) చిత్రములు నాగయ్యను తెలుగునాట ఇంటింట పరిచితుని గావించినవి. వీనిలో సుమంగళి వితంతుపునర్వివాహమును ప్రతిపాదించినది. వీరేశలింగము పంతులుగారు నాటిన సంస్కరణబీజము వెండితెరపై మొలకెత్తిన కాలమది.

1943వ సంవత్సరపు భక్తపోతన ఈ కళాజీవితమునకు మలుపు. అంతవరకు వాహినీవారి నిర్మాణవ్యవహారములు చూచుచుండిన కె. వి. రెడ్డికి దర్శకుడుగా ఇది మొదటి చిత్రము. రచన సముద్రాల రాఘవాచార్యులది. ఇందు నాగయ్య పోతనయై, గౌరీనాథశాస్త్రి శ్రీనాథుడై కనిపించిరి. నరాంకితము నొల్లక భాగవతమును శ్రీరామున కర్పించిన హాలికభక్తుని కథ జనులకు పూర్వమే తెలిసినది. నాగయ్య దానికి శరీరము నొసగెను. ఆయన పోతన కోపించి నిరాకరించువాడు కాడు, వినయముతో నిరాకరించువాడు. బిగ్గరగా పలుకుటకు అలవడిన రంగస్థలసంప్రదాయమున ఇట్టి మృదుత్వము నూతనము.

ఇచట పరిశోధకుడు జాగరూకుడు కావలసియున్నది. పోతన నివాసము ఓరుగంటిసీమయా, ఒంటిమిట్టయా యను వాదము వాఙ్మయచరిత్రలో ప్రసిద్ధము. సికింద్రాబాదునుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున జనగామ కలదు. ఆ జిల్లాలోని బమ్మెర గ్రామము నేటికిని పోతన జన్మభూమిగా పూజలందుకొనుచున్నది. శ్రీనాథుడు పోతనకు బావమరది యనుట జనశ్రుతియే గాని, దానికి సమకాలికాధారము లేదు. పోతన కృతిగా చెప్పబడు భోగినీదండకము రాచకొండ ప్రభువగు సర్వజ్ఞసింగభూపాలునికి సంబంధించినది. అది పోతనదే యైనచో, రాజాశ్రయమును ఏనాడును సోకని కవియను భావము సవరింపదగును. చిత్రదర్శనముచే మనస్సున నాటుకొనిన పోతనలో ఈ సందేహములకు తావులేదు. ఇది చిత్రము దోషము కాదు, కళాధర్మము. కాని ఆ పోతననే చారిత్రకపోతనగా తరగతిలో బోధించినచో దోషము మనది.

1946లో వెలువడిన త్యాగయ్య నాగయ్య సొంత సృష్టి. తన రేణుకా సంస్థ పక్షమున దానిని నిర్మించి, దర్శకత్వము వహించి, సంగీతము సమకూర్చి, నాయకపాత్రను ధరించెను. త్యాగరాజస్వామి (1767–1847) నిర్యాణశతాబ్దికి ముందటియేట అది వచ్చుట గమనింపదగినది. తమిళదేశమున తిరువయ్యారునందు నివసించి తెలుగున కీర్తనలు రచించిన వాగ్గేయకారుని జీవితము ఆ కాలమున రెండు భాషలవారికిని సమానధనము. సభలలో విద్వాంసులు పాడు కీర్తనలను నాగయ్య జీవితసన్నివేశములలో నిలిపి, సంగీతశాస్త్ర మెరుగనివానికి గూడ అవి ఆత్మనివేదనములుగా వినబడునట్లు చేసెను. కీర్తనకు సందర్భము కల్పించుట చరిత్రదృష్టిని వివాదాస్పదము. ఏ కృతి ఏ సంఘటనమున పుట్టినదో నిర్ణయించుటకు ఆధారము లత్యల్పములు. ఐనను సాహిత్యముగా కీర్తనను వినుట తెలుగుప్రేక్షకునికి నేర్పినందుకు ఈ చిత్రమునకు మనము ఋణపడియున్నాము.

మరుసటియేట కె. వి. రెడ్డి దర్శకత్వమున యోగివేమన వెలువడెను. సి. పి. బ్రౌను 1829లో వేమనపద్యములను ముద్రించిన నాటినుండి ఈ కవి కాలము చర్చనీయాంశమే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వేమనోపన్యాసములు కట్టుకథల నవతల నుంచి పద్యములనుండియే మనిషిని వెదకు మార్గమును చూపినవి. చిత్రము మాత్రము వేమన కొండవీటి రెడ్డిరాజుల వంశీయుడను ఐతిహ్యమును స్వీకరించినది. పదునేడవ శతాబ్దివాడని పలువురు పండితులు తలచు కవి అట్లు రెండు శతాబ్దుల వెనుకకు జరిగెను. ఐతిహ్యముతో ఏకీభవింపనివాడును నాగయ్య నటనలోని ఒక సత్యము నంగీకరింపవలయును. భోగియైన వేమన, అన్నకూతురు జ్యోతి మరణముచే కలతనొందిన వేమన, దిగంబరయోగియైన వేమన అను మూడు దశలను ఆయన మూడు కంఠములతో పలికెను. ప్రారంభమునందలి విలాసము నమ్మదగినట్లుండుటచేతనే తుదియందలి వైరాగ్యము నమ్మదగినదైనది.

ఈ చిత్రములను భారతీయచలనచిత్రచరిత్రలో నిలిపి చూచినపుడు వాని ప్రత్యేకత విదితమగును. పూనా ప్రభాత్ సంస్థవారి సంత్ తుకారాము (1936) అప్పటికే వెనిస్ ఉత్సవమున గౌరవము పొందెను. నాగయ్య జన్మించిన 1904లోనే జన్మించిన కుందన్‌లాల్ సైగల్ హిందీలో భక్తసూరదాసు (1942), తాన్‌సేన్ (1943) పాత్రలను ధరించెను. పాశ్చాత్యదేశమున పాల్ ముని పాశ్చరు (1936), ఎమిలీ జోలా (1937) జీవితములను అభినయించి జీవితచరిత్రచిత్రములకు వన్నె తెచ్చెను. నాగయ్యను భారతదేశపు పాల్ ముని యని బాబూరావు పటేల్ పేర్కొనెనని ప్రసిద్ధి. ఈ పోలికలో ఒక భేదము మరువరాదు. పాల్ ముని పాత్రలు పాడవలసినవి కావు. నాగయ్య ధరించిన కవులు పాటచేతనే జీవించినవారు. కావున వారి ముఖమును మాత్రమే గాక కంఠమును గూడ కల్పించు బాధ్యత ఆయనపై బడినది.

తెలుగునకు మాత్రమే ఆయన పరిమితుడు కాలేదు. తమిళమున త్యాగరాజ భాగవతార్ నాయకుడుగా వచ్చిన అశోక్‌కుమార్ (1941) చిత్రమున అశోకచక్రవర్తిగను, ఎం. ఎస్. సుబ్బులక్ష్మి నటించిన మీరా (1945) చిత్రమున రాణాగను నటించెను. విక్టర్ హ్యూగో నవలను అనుసరించి కె. రామ్‌నాథ్ 1950లో తీసిన బీదలపాట్లునందును, దాని తమిళరూపమునందును ప్రధానపాత్ర ఆయనదే.

ఇంతలో కాలము మారెను. మార్పునకు గుర్తు నాగయ్య చిత్రమునందే యుండుట విశేషము. బి. ఎన్. రెడ్డి స్వర్గసీమ (1945)లో నాగయ్య నాయకుడు, సంగీతదర్శకుడు. ఆ చిత్రముననే ఘంటసాల వేంకటేశ్వరరావు భానుమతితో కలసి నేపథ్యమున ఒక యుగళగీతము పాడెను. పది సంవత్సరములు గడచునంతలో ఘంటసాల కంఠమే తెలుగునాయకులందరి కంఠమైనది. 1944లో శ్రీసీతారామజననమున తన పాటలను తానే పాడుకొనిన అక్కినేని నాగేశ్వరరావు సయితము, 1949లో కీలుగుర్రము వచ్చునప్పటికి ఘంటసాల గాత్రమును స్వీకరించెను. నటునికి రూపము, గాయకునికి గాత్రము అని శ్రమవిభాగము జరిగినది. దీనివలన పాట పరిణతినొందిన మాట సత్యము. నష్టమును గూడ గుర్తింపవలయును. మాటాడువాడును, పాడువాడును ఒక్కడేయైనపుడు పద్యము సంభాషణకు కొనసాగింపుగ నుండెడిది. ఇరువురైనపుడు పద్యము సంభాషణకు మధ్య వచ్చు విరామమైనది. పద్యనాటకము వెండితెరకు ఇచ్చిన వారసత్వములో ఒక తంతి అట్లు తెగినది. భానుమతివంటి ఒకరిద్దరు మాత్రము నటనను, గానమును విడదీయక నిలుపుకొనిరి.

అటుపిమ్మట నాగయ్య తండ్రిపాత్రలలోనికి, ఋషిపాత్రలలోనికి మరలెను. పాండురంగమాహాత్మ్యము (1957)లో పుండరీకుని తండ్రి, లవకుశ (1963)లో వాల్మీకి ఆయనయే. 1953లో స్వీయదర్శకత్వమున నా ఇల్లు తీసెను. అరువది యేండ్ల వయసున, 1964లో భక్తరామదాసు చిత్రమును తానే నిర్మించి, దర్శకత్వము వహించి, గోపన్నగా నటించెను. గోలకొండ కోటలో రామదాసు చెరసాలయని చూపబడు గదిని మన నగరవిద్యార్థులందరు ఎరుగుదురు. 1672 నుండి 1687 వరకు ఏలిన అబుల్‌హసన్ తానీషా కాలపు ఆ కథలో కబీరుగా గుమ్మడి నటింపగా, ఆయనకు మహమ్మదు రఫీ పాడెను. అప్పటికి సంత్‌చిత్రముల వేడి చల్లారినది. ఆ ప్రయత్నము నాగయ్యకు ధననష్టమునే మిగిల్చినది. 1965లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమొసగెను. అవసానదశలో చిన్నపాత్రలతో కాలము గడపి, 1973 డిసెంబరు 30వ తేదీన మదరాసున మరణించెను. ఆరు వారములు గడచినంతనే, 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలయు మరణించెను. రెండు గానయుగములు అట్లు ఒక్క చలికాలమున ముగిసినవి.

నాగయ్య దానశీలమును గూర్చిన కథలు లెక్కకు మిక్కిలి. ఆర్జించినదంతయు అర్థులకిచ్చి నిర్ధనుడయ్యెననునది వాని సారాంశము. ఆయన ఔదార్యము సందేహింపదగినది కాదు. కాని ఒక పోలికను పరిశోధకులు గమనింతురుగాక. నిధి నొల్లని పోతన, రాజసన్మానము నొల్లని త్యాగయ్య, భోగము విడిచిన వేమన, సర్కారుధనమును రామార్పణము గావించిన గోపన్న అను నాలుగు పాత్రల ఛాయ నటుని జీవితకథపై బడినది. ఐతిహ్యము పోతన జీవితమును కప్పినట్లే నాగయ్య జీవితమును గూడ కప్పుచున్నది. పుణ్యపురుషుడని నమస్కరించుటతో మన పని ముగిసినదనుకొందుము. ఆయన శ్రుతిని ఏల తగ్గించెను, పద్యమును ఎచట విరిచెను, సంభాషణను ఎచట రాగముగా మార్చెను అను ప్రశ్నలు అడుగువారు అరుదైరి. భక్తునిగా పూజింపబడుటచే శిల్పి మరుగుపడెను.

మదరాసు త్యాగరాయనగరున పానగల్ పార్కుచెంత నాగయ్య విగ్రహము కలదు. విగ్రహము ముఖమును నిలుపగలదు గాని కంఠమును నిలుపజాలదు. కంఠము నిలిచియున్నది చిత్రప్రతులయందును, గ్రామఫోను పలకలయందును. తాళపత్రమునకు చెదలెట్టిదో, ఫిల్మునకు తేమ అట్టిది. తాళపత్రములకు విశ్వవిద్యాలయములు ఆశ్రయమిచ్చినవి. పద్యగానమును వాఙ్మయములో భాగముగా అంగీకరించినచో, ఆ గానమునకు ఆధారములగు పలకలకును, ప్రతులకును ఆ ఆశ్రయమే లభింపవలసియున్నది. ఒకే పద్యమును రంగస్థలనటుడు, నాగయ్య, ఘంటసాల పాడిన తీరులను ప్రక్కప్రక్క నుంచి పరిశీలించుట ఒక పరిశోధనగ్రంథమునకు చాలిన విషయము. అట్టి గ్రంథము వెలువడిననాడు నాగయ్య భక్తులకథలనుండి బయటపడి, ఆంధ్రపద్యగానచరిత్రలో తనకు తగిన స్థానమున నిలుచును.