దుమ్ములో మూడో రౌతు

తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే ముందు తగిలేది తేమ. బయట సాంటా ఫే గాలి పెదవులు పగిలేంత పొడిగా ఉంది. న్యూ మెక్సికోలో దాదాపు ఏడువేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు ఇది. ఫొటోలు అచ్చువేసే ఈ గదిలో మాత్రం మూలనున్న హ్యుమిడిఫయర్ సన్నగా ఆవిరి వదులుతోంది. గోడమీది మీటరు 45 శాతం చూపిస్తోంది. అంతకన్నా బాగా పడిపోతే ప్రింటర్ హెడ్‌లోని సన్నని రంధ్రాల్లో ఇంకు గడ్డకడుతుంది, కాగితం అంచులు లేస్తాయి, గాల్లో తేలే నలుసులన్నీ వచ్చి కాగితానికి అతుక్కుంటాయి. ఇవాళ ఇక్కడ అచ్చవబోయేది దుమ్ము బొమ్మ. అందులోకి ఈ గది దుమ్ము చేరకూడదు.

తెరమీద చూడండి. చలికాలమంతా బీళ్లలో మేసిన గుర్రాల మందను వసంతం రాగానే రాంచ్‌కు తోలుకొస్తున్నారు. పొద్దు వాటి వెనక బాగా కిందికి దిగింది. ఫొటో తీసినామె మన పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. రాంచ్‌లోనే పెరిగిన మనిషి. మోచేతుల దాకా ఎండకు కమిలిన చర్మం. షట్టరును సెకనులో పదిహేనో వంతు తెరిచి ఉంచి, పరుగుతోపాటే కెమెరాను తిప్పింది. అందుకే కాళ్లు గీతలుగా చెరిగిపోయాయి, మెడలూ తలలూ మాత్రం నిలిచాయి. జూలు ఎక్కడ ముగిసిందో, దుమ్ము ఎక్కడ మొదలైందో చెప్పలేం. ముందు ఇద్దరు రౌతులు, వెడల్పంచుల టోపీలతో. మూడోవాడు బాగా వెనక, దుమ్ములో మునిగి ఉన్నాడు. తైలవర్ణ చిత్రంలా ఉందని ఎవరైనా అంటారు. కానీ తెరమీద వెనకనుంచి దీపం వెలుగుతోంది కాబట్టి ఏ బొమ్మైనా మెరుస్తుంది. కాగితానికి ఆ దీపం ఉండదు. అసలు పని మొదలయ్యేది అక్కడే.

బొమ్మ కొలత 30 అంగుళాలు ఇంటూ 45. అంతా ఒకేసారి తీయరు. వెనకటి దుమ్ము, మూడో రౌతు, ముందున్న నల్లగుర్రం ఛాతీ మూడూ వచ్చేలా ఒక సన్నని పట్టీ ఎంచుకుంటారు. ప్రింటు తీసే పెద్దాయన చుట్ట నుంచి కాగితాన్ని బల్లమీదికి లాగుతున్నాడు. జర్మనీలోని హానెమ్యూలె మిల్లు చేసిన నూటికి నూరుపాళ్లు పత్తి కాగితం, చదరపు మీటరుకు 308 గ్రాముల బరువు. ఆ మిల్లు 1584 నుంచి కాగితం చేస్తోంది. వేలితో తడిమితే ఉతికి ఆరేసిన దళసరి నూలుగుడ్డ స్పర్శ. ఆయన గుర్రపు వెంట్రుకల బ్రష్ తీసుకుని కాగితాన్ని ఒకే దిక్కుగా, ఓపిగ్గా తుడుస్తున్నాడు. పత్తి కాగితం మీద విడిపోయిన నూగు ఉంటుంది. దానిమీద ఇంకు పడి, తర్వాత అది రాలిపోతే కింద తెల్లచుక్క మిగులుతుంది. ఆ చుక్క నల్లగుర్రం మీద పడిందా, పదడుగుల దూరం నుంచీ కన్ను అక్కడికే పోతుంది.

ప్రింటర్ అటూ ఇటూ కదులుతోంది. పట్టీ అంగుళం అంగుళంగా బయటికి వస్తోంది. దాన్ని వెంటనే చూసి తీర్పు చెప్పరు. ఇంకు కాగితంలో సర్దుకునే లోపు రంగు మారుతుంది, ముఖ్యంగా ముదురు భాగాల్లో. కాసేపాగి 5000 కెల్విన్ దీపం కింద పెడతారు. మీరూ వంగి చూడండి. దుమ్ము మధ్యలో, సూర్యుడు గుచ్చుకున్నచోట, అరచేయంత మేర ఏమీ లేదు. తెల్లగా, బోసిగా ఉంది.

కారణం చిన్నదే. వెలుగును 0 నుంచి 255 దాకా కొలుస్తారు. 255 అంటే ఇంకు బొట్టు కూడా పడదు, వట్టి కాగితమే మిగులుతుంది. తెరమీద అది మిరుమిట్లు గొలిపే వెలుగు, కాగితం మీద చిల్లు. ఆయన తెరమీద వెలుగుల కర్వ్ పట్టుకుని ఆ చోటును 244 దాకా దించాడు. కంటికి దాదాపు తేడా లేదు గానీ ఇప్పుడు అక్కడ పలచగా, గోధుమవన్నెగా ఇంకు పడుతుంది. దుమ్ముకు ఒళ్లు వస్తుంది. నన్నడిగితే ఈ రకం ఫొటోల మంచిచెడ్డలు తేలేది ఈ పదకొండు మెట్లలోనే. ముఖాలు, గుర్రాలు ఎవరైనా అచ్చువేస్తారు. ఎండలో లేచిన దుమ్మును తెల్లకాగితానికి వదిలేయకుండా, బురదగా మార్చకుండా నిలబెట్టడానికే చెయ్యి తిరగాలి.

నలుపు సంగతి దీనికి తలకిందులు. మ్యాట్ కాగితం వెలుగును నలువైపులా చెదరగొడుతుంది, అందుకే ఎంత ఇంకు పోసినా మెరిసే బరైటా కాగితం మీద వచ్చేంత లోతు రాదు. నల్లగుర్రం ఛాతీలో కండరాలు కలిసిపోయి ముద్దయ్యాయి. ఆమె వేలు పెట్టి చూపించింది: “ఇక్కడ చెమట మెరవాలి. ఆ గుర్రం అప్పటికి చాలా దూరం పరుగెత్తి వచ్చింది.” ఆయన నీడలను కొంచెం పైకి లేపాడు. మళ్లీ పట్టీ. మళ్లీ ఎదురుచూపు. ఈసారి పట్టీని కిటికీ దగ్గరికి, తర్వాత పసుపు బల్బు కిందికి తీసుకెళ్లారు, ఎందుకంటే కొన్నవాళ్ల ఇళ్లలో ఉండేది ఆ బల్బే. నీడల్లో ఆమె కావాలని ఆకుపచ్చ ఛాయ కలిపింది. చిత్రకారుడు ఫ్రెడరిక్ రెమింగ్టన్ 1909లో చనిపోయేముందటి పదేళ్లలో డెబ్బైకి పైగా రాత్రి దృశ్యాలు వేశాడు. వాటిలో చాలాచోట్ల వెన్నెల ఆకుపచ్చగా ఉంటుంది. ఆ పాఠం ఈమె నీడల్లో కనిపిస్తోంది. పసుపు బల్బు కింద కూడా అది ఆకుపచ్చగానే నిలిచింది.

పక్కగదిలోకి ఒకసారి తొంగిచూద్దాం. అక్కడ కాన్వాస్ మీద తీసిన ప్రింట్లను చెక్క చట్రాలకు బిగిస్తున్నారు. వెడల్పు నోటి పట్టకారుతో గుడ్డను లాగడం, వెనక స్టేపుల్ కొట్టడం, మూలలు మడవడం. ఒక కాన్వాస్ మీద చిక్కటి పారదర్శక జెల్‌ను బ్రష్‌తో రుద్దుతున్నారు, ఆరాక కుంచె గీతల్లా కనపడాలని. కొనేవాళ్లు అడుగుతున్నారట. కాన్వాస్ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. అద్దం అక్కర్లేదు, మంచి వార్నిష్ కొడితే గీతలు పడకుండా కాపాడుతుంది. ఆ జెల్ గీతలనే నేను ఒప్పుకోలేను. కింద గుర్రం మెడ ఒకవైపు తిరిగితే పైన గీత ఇంకోవైపు పోతుంది. కెమెరా కదలికతో పుట్టిన గీతలు బొమ్మలోనే ఉన్నాయి కదా, వాటిమీద దొంగ గీతలెందుకు?

ఇంతకీ ఇలాంటి గదులకు ముప్పై అయిదేళ్ల చరిత్రే. గాయకుడు గ్రాహం నాష్ 1991లో కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచ్‌లో నాష్ ఎడిషన్స్ మొదలుపెట్టాడు. ప్రెస్సుల్లో ప్రూఫులు చూసుకోవడానికి తయారైన ఐరిస్ యంత్రాన్ని తెచ్చి దళసరి ఆర్ట్ కాగితం మీద ఫొటోలు అచ్చువేశారు. అప్పటి రంగులు త్వరగా వెలిసేవి. పిగ్మెంట్ ఇంకులు వచ్చాకే ఈ ప్రింట్లకు ఆయుష్షు కుదిరింది. ఆ ఐరిస్ యంత్రం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

మళ్లీ బల్ల దగ్గరికి రండి, అసలు చిక్కు ఇప్పుడే వచ్చింది. దుమ్ముకు ఒళ్లు రాగానే మూడో రౌతు తలా తేలింది. అతని నెత్తిన కౌబాయ్ టోపీ లేదు, బేస్‌బాల్ క్యాప్ ఉంది. తీసేయడం తేలిక: దుమ్ము ఇంకొంచెం దట్టం చేస్తే చాలు, లేదా ముందువాడి టోపీని కాపీ చేసి పెట్టొచ్చు. గ్యాలరీవాళ్లు అదే కోరారని ఆమె చెప్పింది.

ఆమె జవాబు వినేముందు అలమర పైనున్న చిన్న పలకను చూడండి. ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ బొమ్మ, ఆయన గోల్డ్‌టోన్ పద్ధతిలోనే ఈ కాలంలో చేసినది. బొమ్మ అద్దం మీద అచ్చవుతుంది, దాని వెనక కంచు పొడిని నూనెలో కలిపి పూస్తారు. మీరు అడుగు పక్కకు వేస్తే ఆకాశం లోపలినుంచి బంగారంలా వెలుగుతుంది. పడమటి నేల ఫొటోలకు అంత అందమైన తుదిమెరుగు నేను ఇంకొకటి చూడలేదు. ఆ బొమ్మ 1904 నాటిది: నవాహో రౌతులు వరసగా చీకట్లోకి వెళ్తున్నారు. కర్టిస్ దానికి ‘అంతరిస్తున్న జాతి’ అని పేరుపెట్టాడు. నవాహోలు అంతరించలేదు. వాళ్ల నేల ఇదే రాష్ట్రంలో, ఇక్కడికి కొన్ని గంటల కారు ప్రయాణంలో మొదలవుతుంది. అమెరికాలో మూలవాసుల రిజర్వేషన్ భూముల్లో అన్నిటికన్నా పెద్దది అదే. 1910లో పీగన్ తెగ గుడారంలో ఇద్దరు మనుషుల మధ్య ఉన్న గడియారాన్ని కూడా కర్టిస్ ప్రింటులో చెరిపేయించాడు. ఆ మనుషులు తమ కాలంలో బతుకుతున్నారనడానికి గడియారమే సాక్ష్యం. మెరుగుపెట్టే చేతికి అంత బలం ఉంది, అంత బాధ్యతా ఉంది.

“వాడు మా తమ్ముడు. క్యాప్ ఉండనివ్వండి” అంది ఆమె.

పూర్తి ప్రింటు వచ్చేసరికి సాయంత్రమైంది. ఇంకులోని ద్రావకాలు ఆవిరి కావాలి, అందుకే శుభ్రమైన కాగితం కప్పి పక్కన పెడతారు. మైనం పూయడం కొన్నాళ్ల తర్వాతే. అలా ఆరిన ఇంకో ప్రింటు మీద ఆ పని ఇప్పుడు జరుగుతోంది, చూడండి. తేనెమైనం కలిసిన ముద్దను నూగులేని గుడ్డమీద గోరంత తీసుకుని, చిన్న చిన్న సున్నాలు చుడుతూ పలచగా పాముతారు. కాసేపాగి వేరే గుడ్డతో తోమితే నలుపులు ఒక్కసారిగా లోతుకు దిగుతాయి, లేత భాగాలు దాదాపు ఉన్నట్టే ఉంటాయి. మ్యాట్ కాగితం దాచుకున్న లోతు అలా తిరిగి వస్తుంది. ఫ్రేం విషయంలో పాత కొట్టం చెక్క వద్దని ఇద్దరూ అనుకున్నారు. సన్నని వాల్‌నట్ చాలు. బొమ్మలో ఉన్న పడమటిని చెక్క మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇవాళ్టి ప్రింటుకు నంబరు పడదు. అది నచ్చితే ఆమె అంచున పెన్సిల్‌తో ఒప్పుదల సంతకం పెడుతుంది, అది ఇక్కడి సొరుగులోనే ఉంటుంది. అమ్మకానికి తీసే పదిహేనింటినీ దాని పక్కన పెట్టి పోల్చి, తేడా వచ్చినదాన్ని చింపేస్తారు. ఆమె రేపు పొద్దున వెలుతురులో మరోసారి చూశాకే సంతకం పెడతానంది. పెద్దాయన సరేనని, చుట్టలో ఎంత కాగితం మిగిలిందో కొలుస్తున్నాడు.