సెప్సిస్‌లో ప్లేట్‌లెట్లు: పతనం నుంచి పెరుగుదల దాకా

ప్లేట్‌లెట్లు ఎముక మజ్జలో తయారయ్యే, కేంద్రకం లేని సూక్ష్మ కణాలు. ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటరు రక్తానికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడమే సెప్సిస్. అందులో ఈ కణాలు తగ్గితే ప్రమాదమని వైద్యులు ముందే గుర్తించారు. తిరిగి పెరగడంలోని అర్థం మాత్రం ఆలస్యంగా తెలిసింది. రోజూ లెక్కించే వీలు చాలాకాలం లేకపోవడం అందుకు ఒక కారణం.

ఇటలీలోని టురిన్‌లో జూలియో బిజోజెరో బతికున్న జంతువుల పేగుపొరలోని సన్నటి రక్తనాళాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. నాళం గోడ దెబ్బతిన్నచోట ముందుగా చేరి అతుక్కునేవి ప్లేట్‌లెట్లేనని 1882లో ప్రకటించాడు. అవి మజ్జలోని మెగాకారియోసైట్లనే పెద్ద కణాల నుంచి పుడతాయని 1906లో బోస్టన్ వైద్యుడు జేమ్స్ హోమర్ రైట్ తేల్చాడు.

లెక్కించడమే అసలు చిక్కు. ఇవి గాజుకు అంటుకుంటాయి, ఒకదానికొకటి గుంపు కడతాయి. 1950లో బ్రెచర్, క్రాంకైట్ చక్కటి ఉపాయం చూపారు. రక్తాన్ని ఒక శాతం అమోనియం ఆక్సలేట్ ద్రావణంలో కలిపితే ఎర్రకణాలు పగిలిపోయి ప్లేట్‌లెట్లు మిగులుతాయి. ఆ ద్రావణాన్ని గళ్లు గీసిన గాజు పలకలో పోసి, కణాలు అడుగుకు దిగాక ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. ఓపికతో కూడిన పని. తర్వాత యంత్రాలు రావడంతో రోజువారీ లెక్క మామూలైంది.

అవయవాల స్థితిని కొలిచే సోఫా స్కోరును 1996లో ప్రచురించినప్పుడు రక్తం గడ్డకట్టే వ్యవస్థకు ప్లేట్‌లెట్లనే కొలతగా తీసుకున్నారు. లక్షన్నరకు తగ్గితే ఒక పాయింటు, ఇరవై వేలకు తగ్గితే నాలుగు. అయితే అది ఆనాటి సంఖ్యనే చూస్తుంది, దాని దిశను కాదు.

ఆ లోటును 2002లో వెలువడిన ఒక అధ్యయనం పూరించింది. 16 దేశాల్లోని 40 ఐసీయూలలో చేరిన 1,449 మందిని అందులో పరిశీలించారు. వాళ్లలో సెప్సిస్ లేనివాళ్లూ ఉన్నారు. నాలుగో రోజుకు సంఖ్య బాగా తగ్గింది. తర్వాత బతికినవాళ్లలో గట్టిగా పుంజుకుంది, చనిపోయినవాళ్లలో ఆ ఊపు కనిపించలేదు.

ఈ తేడాకు కారణం మజ్జలోనూ నాళాల్లోనూ ఉంది. సెప్సిస్ ముదిరినప్పుడు ప్లేట్‌లెట్లు సన్నటి నాళాల్లోని గడ్డల్లో ఖర్చవుతాయి, తెల్లకణాలకు అతుక్కుంటాయి. వాపు తగ్గాక ఆ ఖర్చు ఆగుతుంది, థ్రాంబోపోయిటిన్ అనే హార్మోన్ ప్రేరణతో మజ్జ కొత్తవాటిని పంపుతుంది.

రక్తనిధి నుంచి ఎక్కించిన ప్లేట్‌లెట్ల వల్ల వచ్చిన పెరుగుదలను కోలుకోవడంగా లెక్కించకూడదు. హెపారిన్ వంటి మందుల వల్ల కూడా సంఖ్య పడిపోవచ్చు. అందుకే ఒక్క రిపోర్టును బట్టి తీర్పు చెప్పకుండా, వరుస రిపోర్టులను రక్తపోటు, మూత్రం, లాక్టేట్‌లతో కలిపి చూడాలి.